బొంతకు ఉచ్చ కొత్త కాదు

మా పండు అమ్మమ్మ బొంత మీద మొదటిసారి ఉచ్చ పోసిన రోజు నేను వాడి మొహం చూడలేదు. అన్నం పెట్టాను, నీళ్లు మార్చాను, తలుపేసుకున్నాను. పండు మా పిల్లి. నాలుగేళ్ల క్రితం వానాకాలంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, స్కూటర్ చక్రం పక్కన ముడుచుకుని దొరికాడు. గోధుమరంగు ఒళ్లు, తెల్లటి పాదాలు. ఇంట్లోకి వచ్చిన వారానికే మంచం ఎక్కి, నా కాళ్ల దగ్గరున్న ఆ బొంతను తనదిగా చేసుకున్నాడు.

ఆ బొంత అమ్మమ్మ కుట్టింది. తెనాలి దగ్గర మా ఊళ్లో, నా డిగ్రీ సెలవుల్లో, వసారాలో చాప పరిచి కుట్టింది. పై పొర మెరూన్ రంగు వాయిలు చీర, దాని నిండా ఆవగింజంత తెల్లచుక్కలు. అడుగు పొర ముదురాకుపచ్చ నేతచీర, జరీ అంచు కత్తిరించి తీసేసింది. నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, ముడత లేకుండా అరచేత్తో సాగదీసి, ముందు పొడుగు పొడుగు టాకాలేసి పొరలన్నీ పట్టించేది. తర్వాత ఒక అంచు నుంచి మొదలుపెట్టి వరసలు వరసలుగా కుట్టుకుంటూ వెళ్లేది. వరసకీ వరసకీ మధ్య రెండు వేళ్ల ఎడం. అమ్మమ్మకు అప్పటికే కళ్లు ఆనేవి కాదు కాబట్టి సూదిలో దారం ఎక్కించడం నా పని. ఒకేసారి పది సూదులకు ఎక్కించి దిండుకు గుచ్చి పెట్టేదాన్ని. సాయంత్రానికి అన్నీ అయిపోయేవి.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. కాబట్టి ఆ తడి మరక చూసినప్పుడు నాకు వచ్చిన కోపం ఎలాంటిదో చెప్పనక్కర్లేదు.

విషయం తెలిసినవాళ్లందరూ రెండే సలహాలు ఇచ్చారు. పిల్లిని ఎక్కడైనా దూరంగా వదిలేసి రమ్మన్నారు కొందరు. బొంతను బీరువాలో పెట్టి తాళం వేయమన్నారు ఇంకొందరు. మంచి ఉద్దేశంతోనే చెప్పారు, కాదనను. కానీ ఈ రెండు సలహాలూ తప్పు. ఆ రెండోది నేను కొన్నాళ్లు పాటించాను కూడా, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు మొదటి సలహా. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటారే, పిల్లి ఉచ్చ పోసిందని వదిలేయడం అలాంటిదే. ఊళ్లలో గోనెసంచిలో వేసి కాలవ అవతల దింపి రావడం చిన్నప్పుడు చాలాసార్లు చూశాను. అలా వదిలేసిన పిల్లి మళ్లీ ఇంటికి రాకపోతే అదెక్కడో హాయిగా బతుకుతోందని అనుకుంటాం. ఇంట్లో గిన్నెలో పెడితే తినడం తప్ప తెలియని జంతువు కొత్తచోట కుక్కల మధ్య ఏమవుతుందో ఎవరూ వెనక్కి వెళ్లి చూడరు.

వదలకూడదని నేను అనడానికి ఇంకో కారణం ఉంది. పండు ఆ వారంలోనే మళ్లీ రెండుసార్లు బొంత మీద పోశాడు. మూడోసారి నేను అక్కడే ఉన్నాను. బొంత మధ్యలో కూర్చుని, నడుము కిందికి దించి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. వచ్చింది నాలుగు చుక్కలు. ఆ చుక్కల్లో కాస్త ఎరుపు. ఆ తర్వాత నా వైపు తిరిగి అరిచాడు, ఎప్పుడూ వినని గొంతుతో.

పశువుల డాక్టరుగారు కడుపు నొక్కి చూసి ఒక్క నిమిషంలో చెప్పేశారు, మూత్రసంచి రాయిలా గట్టిపడిపోయిందని. మగపిల్లులకు మూత్రనాళం చాలా సన్నంగా ఉంటుంది. స్ఫటికాలో, జిగురులాంటి పదార్థమో అడ్డుపడితే దారి మూసుకుపోతుంది. పూర్తిగా మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగి, ఒకటి రెండు రోజుల్లోనే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. నేను ఇంకో రాత్రి అలిగి తలుపేసుకుని ఉంటే పొద్దున్నకి పండు ఉండేవాడు కాదు. ఉచ్చ బయటికి రావడానికి కేథటర్ అనే సన్నగొట్టం పెట్టి మూడు రోజులు అక్కడే ఉంచుకున్నారు.

మూడో రోజు నేను డాక్టరుగారిని అడిగాను, మరి బొంత మీదే ఎందుకు అని. ఇసుక ట్రేలో పోసినప్పుడు నొప్పి పుడుతుంది, నొప్పి ఆ ట్రే వల్లే అనుకుంటుంది, మెత్తగా ఉన్న చోటు వెతుక్కుంటుంది అన్నారాయన. ఇంట్లో ఈ మధ్య ఏమైనా మార్చారా అనీ అడిగారు. మార్చాను. ట్రే కంపు వస్తోందని హాల్లోంచి తీసి బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కన పెట్టాను. మెషిన్ తిరిగినప్పుడల్లా ఆ చప్పుడు. పై ఫ్లాట్‌లో నెల రోజులుగా డ్రిల్లింగ్. భయం, టెన్షన్ కూడా పిల్లుల మూత్రసంచిని వాచేలా చేస్తాయట. ఇన్ని జరుగుతుంటే వాడు నా మీద పగబట్టాడని అనుకున్నాను. పిల్లికి పగ ఉంటుందని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం మరి.

అందుకే ఎవరైనా నాతో మా పిల్లి పరుపు పాడుచేస్తోంది, దుప్పటి పాడుచేస్తోంది అంటే ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: ఎంత పోస్తోంది, ఎన్నిసార్లు కూర్చుంటోంది? కొంచెం కొంచెంగా, మళ్లీ మళ్లీ అయితే బట్ట ఉతకడం తర్వాత, ముందు డాక్టరు దగ్గరకు పరిగెత్తాలి. నిలబడి తోక వణికిస్తూ గోడ మీదకో సోఫా మీదకో చిమ్ముతుంటే అది వేరే సంగతి, హద్దులు గుర్తుపెట్టుకోవడం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చాలా మగపిల్లుల్లో ఆ అలవాటు తగ్గుతుంది. మా ఇంట్లో ఇప్పుడు ఒక్క పిల్లికి రెండు ట్రేలు. ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒకటి ఎక్కువ పెట్టాలన్నది డాక్టర్లు చెప్పే లెక్క. రెండూ నిశ్శబ్దంగా ఉండే మూలల్లో, రెండూ రోజూ తీసి శుభ్రం చేయాల్సిందే.

ఇక బొంత. మొదటిసారి నేను చేసినవన్నీ తప్పులే. మరిగే నీళ్లు పోశాను, సబ్బుపొడి వేసి బ్రష్‌తో రుద్దాను, సగం ఆరాక ఇస్త్రీ చేశాను. నేలంతా ఫినాయిల్‌తో తుడిచాను. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు ముసురు పట్టింది, గాలిలో తేమ పెరగ్గానే కంపు మళ్లీ లేచింది.

పిల్లిది పొడి నేలల్లో బతికిన అడవిపిల్లి వంశం. ఒంట్లో నీరు పొదుపు చేసుకుంటుంది కాబట్టి దాని ఉచ్చ చాలా చిక్కగా ఉంటుంది. యూరియా నీళ్లకు పోతుంది. మిగతావి కొన్ని తేలిగ్గా పోవు, పోగుల్లో అతుక్కుని తేమ తగిలినప్పుడల్లా మళ్లీ వాసన కొడతాయి. దానికి తోడు పిల్లి ఉచ్చలో ఫెలినిన్ అని గంధకం ఉన్న పదార్థం ఒకటి ఉంటుంది. ముక్కు పగిలే ఆ ఘాటు దాని పుణ్యమే. వేడి తగిలితే మరక ఇంకా పట్టుకుంటుంది. బ్లీచింగ్ అసలు వాడకూడదు, ఉచ్చలోని అమ్మోనియాతో కలిసి ఊపిరితిత్తులకు హాని చేసే పొగ వస్తుంది. ఇక ఫినాయిల్ విషయంలో నేను చేసింది మహాపాపం. ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం సరిగ్గా విరగ్గొట్టలేదు. నేల మీద నడుస్తుంది, ఆ పాదాలనే నాకుతుంది. మన ఇళ్లలో ఎన్ని పిల్లులు ఇలా ఒళ్లు పాడుచేసుకుంటున్నాయో అనిపిస్తుంది నాకు.

రెండోసారి నెమ్మదిగా చేశాను. ముందు పొడి తువ్వాలు వేసి అరచేత్తో అదిమాను, రుద్దలేదు. తెల్లగుడ్డ తడిపి మెరూన్ పొర మీద కాసేపు అద్ది రంగు దిగుతోందో లేదో చూశాను. తర్వాత పెంపుడు జంతువుల మరకల కోసమే అమ్మే ఎంజైమ్ ద్రావణం పోశాను. పైపైన చల్లితే పని జరగదు, ఉచ్చ ఎన్ని పొరలు దిగిందో ఇదీ అన్ని పొరలు దిగాలి. ఎండిపోకుండా ప్లాస్టిక్ షీట్ కప్పి రాత్రంతా వదిలేశాను. పొద్దున టబ్బులో చల్లటి నీళ్లు, కుంకుడు రసం. కుంకుడుకాయ నురగ పాత నూలు మీద ఎంత మెత్తగా పనిచేస్తుందో చేత్తో తడిమితేనే తెలుస్తుంది. తడిసిన బొంత బరువు అంతా ఇంతా కాదు, అంచు పట్టుకుని లేపితే కుట్లు పటపటా తెగిపోతాయి. కింద పాత దుప్పటి వేసి, ఇద్దరం నాలుగు కొసలు పట్టుకుని ఎత్తాం. దండెం మీద వేయలేదు, డాబా మీద నవారు మంచం మీద బోర్లా పరిచాం. మధ్య పొరలు పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఆ తేమతోనే మడిచి పెడితే బూజు పడుతుంది.

కంపు పోయింది. మరక పూర్తిగా పోలేదు, మెరూన్ మీద అరచెయ్యంత ముదురు నీడలా మిగిలిపోయింది. రెండు మూడు చోట్ల, బ్రష్‌తో నేను రుద్దిన చోట్ల, వాయిలు పలచబడి చిరిగింది. మరక పిల్లిది, చిరుగు నాది.

అప్పుడు బొంతను బీరువాలో పెట్టాను. మూలల్లో కలరా ఉండలు వేశాను. ఆర్నెల్లు దాని మొహం చూడలేదు. ఒకరోజు ఏదో వెతుకుతూ తలుపు తీస్తే పండు లోపలికి దూరి, ఒక ఉండను కాలితో దొర్లించి ఆడుకోబోయాడు. గబుక్కున లాక్కున్నాను. నాఫ్తలీన్ పిల్లులకు విషం, తింటే రక్తకణాలు దెబ్బతింటాయి. అమ్మమ్మ బొంతను కాపాడుతున్నానని ఇంట్లో విషం పెట్టుకున్నాను. పైగా ఆ బొంతకు అమ్మమ్మ వాసన లేదు, నా వాసన లేదు, కలరా ఉండల వాసన పట్టింది. దాన్ని బయటికి తీసి, కారులో వేసుకుని, పిన్ని దగ్గరకు తీసుకెళ్లాను.

పిన్నికి పిల్లులంటే పడదు. చెప్పడానికి భయపడుతూనే చెప్పాను. "పిన్నీ, పిల్లి ఉచ్చ పోసి పాడుచేసింది" అన్నాను. కళ్లజోడు పెట్టుకుని బొంతను రెండువైపులా తిప్పి చూసింది. "ఇందులో పాడవడానికి ఏముందే అమ్మాయ్, అన్నీ పాతబట్టలేగా" అంది. బ్లేడు తెచ్చి, మూల దగ్గర కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

మెరూన్ పొర లేచింది. దాని కింద వెలిసిన నీలం లంగా గుడ్డ, తాతయ్య పంచె ముక్క. ఆ రెండింటి కింద ఒక చిన్న బొంత ఉంది. బొంతలో బొంత. మూరన్నర పొడవు, దగ్గర దగ్గరగా సన్నటి కుట్టు. దాని మీద పసుపుపచ్చటి వలయాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి, చెరువు ఎండినప్పుడు మిగిలే గీతల్లా ఉన్నాయి. నేను వేలు పెట్టి చూపించాను. పిన్ని మొహం విచ్చుకుంది. "ఇది మీ మావయ్యది. వాడి తర్వాత మీ అమ్మకు వేశారు, తర్వాత నాకు వేశారు. ముగ్గురం తడిపిందే ఇది. అమ్మ పారేయలా చూడు, లోపల పెట్టి కుట్టేసింది" అంది.

అప్పటిదాకా నాకు తట్టనే లేదు. పసిపిల్లల కింద వేసేదీ ఈ బొంతే కదా. పాతచీరలు ఎందుకు? ఉతికి ఉతికి మెత్తబడి తడి పీల్చుకుంటాయని. ఎందుకన్ని పొరలు? తడి కిందికి దిగకుండా. ఎడం ఎడంగా చేతికుట్టు ఎందుకు? ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి పాడైన పొర తీసేసి కొత్తది వేసుకోవచ్చని. బిడ్డ పక్క తడిపిందని ఎవరూ బిడ్డను బయట వదల్లేదు, బొంతకూ తాళం వేయలేదు. ఉతికారు, ఆరేశారు, మళ్లీ పరిచారు. ముగ్గురు పిల్లల్ని మోసిన వస్తువు పిల్లి దగ్గరకు వచ్చేసరికి ఎందుకు ముట్టుకోరానిది అయిపోయింది?

నాకు తోచిన కారణం ఒకటుంది. బొంత ఈ మధ్య పేరు మార్చుకుంది. షాపుల్లో అది హ్యాండ్‌మేడ్ క్విల్ట్, వేలల్లో ధర. బెంగాల్ కాంథా, మరాఠీ గోధడి, కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ తెగ స్త్రీలు కుట్టే కవంది, అన్నీ ఇలాగే పాతబట్టలతో ఇంట్లోవాళ్ల కోసం పుట్టినవే. సిద్దీల కవందులు విదేశాల్లో ప్రదర్శనలకు కూడా వెళ్లాయి. ఆ చేతులకు గుర్తింపు, డబ్బు రావడం నాకు నిజంగా సంతోషం. ఎన్నాళ్లు ఉట్టి పుణ్యానికి కుట్టారు వాళ్లు! కానీ ధర తెలిసిన దగ్గర్నుంచి మనం మన ఇంటి బొంతను కూడా గాజుపెట్టెలో వస్తువులా చూస్తున్నాం. ఇంకోవైపు, పేపర్లలో నాలుగు పార్టీలు కలిసిన ప్రభుత్వాన్ని అతుకుల బొంత అని ఎగతాళి చేస్తారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. అతుకేసిన చోటే బొంత గట్టిగా ఉంటుంది, కుట్టినవాళ్లనెవరినైనా అడగండి.

నీ బొంత కాబట్టి నీ ఇష్టం, అమ్మడానికి కుట్టేవాళ్ల సంగతేమిటని ఒక స్నేహితురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్న. అమ్మకానికో కానుకకో కుడుతున్న బట్ట దగ్గరకు పిల్లిని రానివ్వకూడదు, ఆ గది తలుపు వేసే ఉండాలి. కొనుక్కున్నవాళ్లకు పిల్లి బొచ్చు పడకపోవచ్చు, అసలు ఆ సంగతి వాళ్లకు చెప్పకుండా ఇవ్వడమే తప్పు. అలాగే ముట్టుకుంటే పొడి రాలేంత పాతబడిన బట్టను వాడమని నేనూ చెప్పను. మామయ్య చిన్న బొంతను మేం మళ్లీ లోపల పెట్టలేదు. ఉతికి, తెల్లటి నూలుగుడ్డలో చుట్టి, ఎండిన వేపాకు వేసి పెట్టాం. మిగతావన్నీ వాడాల్సినవే.

కుక్కలున్న ఇళ్లలో గొడవ ఎక్కువగా నోటితో. పళ్లు మారే వయసులో కుక్కపిల్ల దొరికిందల్లా కొరుకుతుంది. దానికి కొరకడానికి వేరే గట్టి వస్తువు ఇచ్చి, ఆ కొన్ని నెలలు బొంతను అందకుండా పెట్టుకుంటే సరిపోతుంది. పిల్లుల విషయంలో గోళ్లు. పిల్ల పాలు తాగేటప్పుడు తల్లి పొట్టను రెండు కాళ్లతో మార్చి మార్చి పిసుకుతుంది. పెద్దయ్యాక కూడా మెత్తటిది, మనిషి వాసన ఉన్నది కనిపిస్తే అదే పని. పండు పిసికేటప్పుడు కళ్లు సగం మూసుకుని ఉంటాడు, గోరు కుట్టులోకి దిగి, దారం వేలిముక్కంత పైకి లేస్తుంది. అప్పుడు కాలు పట్టి లాగితే కుట్టు తెగుతుంది. కాలిని బట్ట వైపే కాస్త నెట్టితే గోరు దానంతటదే విడివడుతుంది. రెండు వారాలకోసారి గోళ్ల కొసలు కత్తిరిస్తాను. మంచం పక్కనే కొబ్బరితాడు చుట్టిన చెక్క నిలబెట్టాను, ఎందుకంటే పిల్లి నిద్ర లేవగానే ఒళ్లు విరుచుకుని గోకుతుంది, దాని చేతికి అందేచోట అదుండాలి.

కుట్టేవాళ్లు అన్నిటికంటే భయపడాల్సింది మాత్రం దారానికి. పిల్లి నాలుక మీద ముళ్లు గొంతు వైపు తిరిగి ఉంటాయి. దారం కొస నోట్లోకి వెళ్లిందంటే ఉమ్మేయలేదు, మింగుతూనే పోతుంది. పేగుల్లోకి వెళ్లిన దారం పేగును లంగా బొందులా కుచ్చులు కుచ్చులుగా లాగేస్తుంది, కోసేస్తుంది కూడా. నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతూ కనిపిస్తే చేత్తో లాగొద్దు, డాక్టరు దగ్గరకే వెళ్లాలి. బొంత మీద పోసిన ఉచ్చను ఉతకొచ్చు. ఒక జానెడు తెగిన దారం నేల మీద వదిలేస్తే పిల్లి ప్రాణం పోవచ్చు. నేనిప్పుడు సూదులు లెక్కపెట్టి డబ్బాలో పెట్టి, మూత బిగించాకే లేస్తాను.

పిన్ని దగ్గర నాలుగు రోజులు ఉన్నాను. మామయ్య బొంత తీసిన చోట నా పాత కాటన్ చీర మడిచి పెట్టాం, కాలేజీకి కట్టుకెళ్లిన పసుపుపచ్చ చీర. నేను రుద్ది చింపిన చోట అడుగున అతుకు వేసి, చుక్కలు కలిసేలా కుట్టింది పిన్ని. మరకను అలాగే వదిలేశాం. దారాలు ఎక్కించడం మళ్లీ నా పనే అయింది, కాకపోతే ఈసారి నాకూ కళ్లజోడు కావాల్సి వచ్చింది. చివరిరోజు మూల కుడుతుంటే పిన్ని నా చేతిలోంచి సూది తీసుకుంది.

"నీ పిల్లి ఎటు పడుకుంటుందే?"

"కాళ్ల వైపు, కుడిమూల."

"పిసుకుతుందన్నావుగా?"

అవునన్నాను. కుడిమూలన జానెడు మేర వరసల మధ్య ఎడం సగానికి తగ్గించి, చిన్న చిన్న టాకాలతో, గోరు దూరడానికి సందు లేకుండా కుట్టుకుంటూ పోయింది. కుట్టడం అయ్యాక గోటితో గీకి చూసింది. ఒక్క పోగు కూడా లేవలేదు.